బ్యాంకు ఉద్యోగం మానేసి మడ అడవుల సర్వేలో చేరవచ్చా?

ప్రశ్న: గౌతమి ఒడ్డు, మురమళ్ల

అందరికీ నమస్కారం. నేను అమలాపురం దగ్గర ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖలో క్లర్కుగా పనిచేస్తున్నాను. నాకు ఇరవై తొమ్మిదేళ్లు. వచ్చే ఆగస్టుకు సర్వీసు అయిదేళ్లు నిండుతుంది. చదివింది వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ. చదువు కాగానే పరిశోధన వైపు వెళ్లాలని ఉన్నా, తమ్ముడి చదువు, ఇంటి పరిస్థితి చూసుకుని బ్యాంకు పరీక్ష రాసి చేరిపోయాను.

మడ అడవుల పునరుద్ధరణ మీద పనిచేసే ఒక సంస్థవారు తమ సర్వే బృందంలో చేరమని ఈమధ్య అడిగారు. జీతం నెలకు 25,000 రూపాయలు. పదకొండు నెలల కాంట్రాక్టు ఇస్తామని, ప్రాజెక్టు ఉన్నంతకాలం పొడిగిస్తూ పోతామని నోటిమాటగా చెప్పారు. బ్యాంకులో కోతలు పోను నా చేతికి 38,000 దాకా వస్తోంది. అంటే నెలకు పదమూడు వేలు వదులుకోవడమే కాక, భద్రత అనుకున్నదాన్ని కూడా వదులుకోవాలి.

బ్యాంకు పని కష్టమని నేను అనను. మా శాఖలో సగం పని బంగారం తాకట్టు రుణాలదే. అప్రైజరు నగను గీటురాయి మీద గీసి, యాసిడ్ చుక్క వేసి చూసి బరువు చెబుతారు. రాళ్ల బరువు తీసేయగా మిగిలిన నికర బరువును నేను రాసుకుంటాను, సంచికి సీలు పడుతుంది, ఏడాది తిరిగేసరికి అదే మనిషి అదే నానుతాడు మీద వడ్డీ కట్టి అప్పు తిరగరాయించుకోవడానికి మళ్లీ నా ముందే కూర్చుంటారు. ఆ మనిషి అవసరం తీరుతోంది కాబట్టి ఆ పనిని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. ఇంకో ముప్పై ఏళ్లు కూడా ఇదే రాస్తూ ఉంటానన్న ఊహ మాత్రం నాకు ఊపిరాడనివ్వడం లేదు.

మా అమ్మమ్మగారి ఊరు కాట్రేనికోన మండలంలో మడ అడవి అంచున ఉంటుంది. తెల్లమడ ఏదో నల్లమడ ఏదో ఆకు చూసి చెప్పడం, ఉప్పుపొన్న కాయ చెట్టు మీదే మొలకెత్తి బురదలోకి జారడం, తిల్ల కొమ్మ విరిస్తే కారే పాలు కంట్లో పడకుండా తలతిప్పుకోవడం ఇవన్నీ నేను ఎమ్మెస్సీలో నేర్చుకున్నవి కావు. నేను పుట్టిన ఏడాదే, 1996 నవంబరు 6న, కోనసీమను తుపాను ముంచింది. మా రెండెకరాల కొబ్బరితోటలో నిలబడ్డ చెట్టు లేదట. నాన్నగారు మళ్లీ మొక్కలు పెట్టి కాపు చూడడానికి ఏళ్లు పట్టింది. ఆ తుపానులో మడ అడవి చాటున ఉన్న ఊళ్లకు కొంత రక్షణ దొరికిందని అమ్మమ్మ చెప్పిన మాట నన్ను మడ వైపు లాగితే, చెట్టును నమ్ముకుంటే ఏమవుతుందో కళ్లారా చూసిన నాన్నగారికి మాత్రం నెల తిరిగేసరికి ఖాతాలో పడే జీతం మీదే గురి కుదిరింది. ఆయనది తప్పని నేనెలా అనగలను?

స్టాఫ్ హౌసింగ్ లోను తీసుకుని ఇంటికి స్లాబు వేయించాము. తమ్ముడు కాకినాడలో బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాడు. నాకు సంబంధాలు కూడా చూస్తున్నారు. ఇటువంటి స్థితిలో ఉద్యోగం మానడం తెలివైన పనేనా, మానితే ముందుగా ఏమేమి చూసుకోవాలి, ఆ రంగంలో పదేళ్ల తరవాత మనిషి ఎక్కడ ఉంటాడు అన్నవి తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: పాత మేనేజరు, రాజోలు

అమ్మా, నేను బ్యాంకులోనే పనిచేసి రిటైరైనవాడిని. వెళ్లమనీ చెప్పను, వద్దనీ చెప్పను. వెళ్లేటట్లయితే లెక్క తేల్చుకుని వెళ్లాలి, ఆ లెక్క మాత్రం చెబుతాను.

మొదటిది గ్రాట్యుటీ. గ్రాట్యుటీ నిబంధనల ప్రకారం మీబోటి పర్మినెంటు ఉద్యోగి రాజీనామా చేసినప్పుడు ఆ సొమ్ము రావాలంటే అయిదేళ్ల నిరంతర సర్వీసు ఉండాలి. మూలవేతనం, కరవు భత్యం కలిపిన మొత్తాన్ని 26తో భాగించి, 15తో గుణించి, దాన్ని సర్వీసు ఏళ్లతో గుణిస్తారు. మీకు ఆ రెండూ కలిపి 35,000 అనుకుంటే అయిదేళ్లకు లక్ష పైచిలుకు అవుతుంది. కొత్త జీతంలో మీకు తగ్గే పదమూడు వేలతో పోల్చి చూస్తే అది సుమారు ఎనిమిది నెలల లోటు. ఆగస్టు దాటకుండా రాజీనామా కాగితం మాత్రం ఇవ్వకండి.

రెండోది, అన్నిటికంటె పెద్దది, మీ హౌసింగ్ లోను. సిబ్బందికి ఇచ్చే రుణం మీద వడ్డీ తక్కువ, అదీ బారువడ్డీ, పైగా ముందు అసలు తీరాకనే వడ్డీ వసూలు మొదలవుతుంది. ఉద్యోగం మానిన రోజున ఈ సౌకర్యాలు పోతాయి. చాలా బ్యాంకుల్లో మొత్తం కట్టేయమంటారు, లేదంటే మామూలు ఖాతాదారుకు వేసే వడ్డీకి మారుస్తారు. అప్పుడు వాయిదా ఎంతవుతుందో మీరు లెక్క వేసుకోలేదని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. పోయేది నెలకు పదమూడు వేలని రాశారు, కాని ఈ వాయిదా పెరుగుదల కూడా కలిపితే ఆ అంకె మారుతుంది. మీ ప్రాంతీయ కార్యాలయంలో రుణాల విభాగాన్ని అడిగితే నిబంధన ఏమిటో చెబుతారు. రాజీనామా మాట ఎత్తకుండానే అడగవచ్చు.

మూడోది తిరుగుదారి. ఐబీపీఎస్ క్లర్కు పరీక్షకు గరిష్ఠ వయసు 28, ప్రొబేషనరీ ఆఫీసరుకు 30. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకు అయిదేళ్లు సడలింపు ఉంది. కాబట్టి అక్కడ నచ్చకపోతే మళ్లీ బ్యాంకు పరీక్ష రాసుకుంటానన్న ధీమా మనసులో ఏ మూలన ఉన్నా తీసేయండి. మీకు ఏ సడలింపు వర్తిస్తుందో చూసుకుని, తలుపు ఎప్పుడు మూసుకుంటుందో తెలుసుకుని అడుగు వేయండి.

మీ ఎన్పీఎస్ పింఛను ఖాతా గురించి కంగారు అక్కరలేదు. ప్రాన్ అనే ఆ ఖాతా నంబరు ఉద్యోగం మానినా మీదే. ఖాతా మూసేయకుండా కొద్దిమొత్తంతో కొనసాగించుకోవచ్చు. ఆ సొమ్ము తీసి ఖర్చు పెట్టుకోవాలన్న ఆలోచన మాత్రం రానివ్వకండి.

జవాబు: బురదకాళ్లు, తాళ్లరేవు

నేను కోరంగి అభయారణ్యం చుట్టుపక్కల ఇదే రంగంలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. మీరు రాసింది చదివి సంతోషించాను, కొంచెం భయపడ్డాను కూడా. మీ ఉత్తరంలో బ్యాంకు పని ఎలా ఉంటుందో కళ్లకు కట్టింది. మడలో చేయబోయే పని గురించి మాత్రం ఒక్క ముక్కా లేదు, అమ్మమ్మగారి ఊరు తప్ప. అందుకని ఆ పని ఏమిటో నేను చెబుతాను.

పాటు తీసే వేళకు, అంటే సముద్రపు నీరు వెనక్కి పోయే వేళకు, పడవలో బయలుదేరాలి. అది తెల్లవారుజామున నాలుగింటికి కావచ్చు, మిట్టమధ్యాహ్నం కావచ్చు. మోకాలి లోతు బురదలో శ్వాసవేళ్లు గుచ్చుకోకుండా నడిచి, పది మీటర్లకు పది మీటర్ల గడికి తాడు కట్టి, అందులో ప్రతి చెట్టు చుట్టుకొలత తీసి, మొలకలు లెక్కపెట్టి, మట్టి నమూనా సంచిలో వేసుకుని, పోటు తిరగకముందే బయటపడాలి. ఆ సంచి మీద చీటీ రాయడం మరిచిపోతే ఆ రోజు పని మొత్తం వృథా. తరవాత ఆఫీసులో కూర్చుని ఆ అంకెలన్నీ ఎక్సెల్‌లో ఎక్కించాలి. బావురుపిల్లి కోసం పెట్టిన కెమెరాల్లో పడే ఫొటోల్లో పిల్లి ఉన్నవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు, మిగిలినవన్నీ గాలికి కదిలిన కొమ్మలు. అయినా వాటిని ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి. మీ నికర బరువుల రిజిస్టరుకూ దీనికీ ఎంత దూరమో మీరే ఆలోచించండి. నాకు ఈ విసుగు సరిపడుతుంది. ఎందుకంటే ఆ అంకెల వెనక ఉన్న ప్రశ్న నాది. మీకు పడుతుందో లేదో చేసి చూస్తేనే తెలుస్తుంది.

పునరుద్ధరణ అంటే మొక్కలు నాటడమని చాలామంది అనుకుంటారు. అసలు పని నీటిది. పోటునీరు రాకపోకలు ఆగిపోయిన చోట మట్టిలో ఉప్పు పేరుకుని మడ చస్తుంది. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా దండగే. పెద్ద కాలువ ఒకటి తవ్వి, దానికి ఏటవాలుగా రెండు వైపులా పిల్లకాలువలు తీసి, చేపముల్లు ఆకారంలో నీటికి దారి ఇస్తారు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు కృష్ణా గోదావరి మడల్లో ఈ పద్ధతిలోనే పనిచేశారు. కాలువల్లో నీరు ఆడడం మొదలయ్యాక తెల్లమడ నాటితే బతుకుతుంది. ఆ కాలువ పూడిపోకుండా చూసుకునేది ఊరివాళ్లు. అందుచేత ఈ ఉద్యోగంలో సగం పని మత్స్యకార కుటుంబాలతో మాట్లాడడం. మీరు ఆ యాసలో పుట్టి పెరిగినవారు కాబట్టి, బయటినుంచి డిగ్రీలతో వచ్చినవారికి లేని బలం మీకు అక్కడ ఉంది.

ఇక మీరు అడిగిన పదేళ్ల సంగతి. పీహెచ్‌డీ లేకపోతే ఈ రంగంలో జీతం ఒక చోట ఆగిపోతుంది. ప్రాజెక్టు మారినప్పుడల్లా మళ్లీ కొత్తగా చేరినట్లే ఉంటుంది. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జీవశాస్త్రాలు తీసుకుని పరీక్ష రాసి, పరిశోధన చేసేవారికి ఇచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తరవాత 42,000, ఆపైన ఇంటి అద్దె భత్యం వస్తాయి. 2023 జనవరి నుంచి ఇవీ రేట్లు. చూశారు కదా, మీ బ్యాంకు జీతానికి దాదాపు సమానం. జేఆర్ఎఫ్‌కు వయోపరిమితి ఉన్నా మహిళలకు అయిదేళ్ల సడలింపు ఇస్తారు. నా మాట అడిగితే, 25,000 కాంట్రాక్టును గమ్యంగా చూడవద్దు. అందులో చేరినా చేరకపోయినా నెట్ పుస్తకం ఈ నెలలోనే తెరవండి.

ఎవరూ చెప్పని రెండు విషయాలు కూడా చెబుతాను. ఒకటి, జీతం ఆలస్యం. ఆర్థిక సంవత్సరం మారే వేళ నిధులు పైనుంచి రావాలి. నేను చేసిన ఒక ప్రాజెక్టులో ఏప్రిల్ జీతం జులైలో వచ్చింది. రెండు, పడవ ఎక్కాక మళ్లీ గట్టు ఎక్కేదాకా ఆడవాళ్లకు మరుగుదొడ్డి సౌకర్యం ఉండదు. మా బృందంలోని అమ్మాయిలు దీనికోసం నీళ్లు తాగడం మానేసి జబ్బు పడ్డారు. ఆ సంస్థలో ఇప్పుడు పనిచేస్తున్న ఆడవాళ్లతో ఒకసారి విడిగా మాట్లాడండి.

జవాబు: లెక్కల మాస్టారు, భీమవరం

ఇంత దూరం పోవడం ఎందుకో నాకు అర్థం కాలేదు. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. పక్షులంటే ప్రాణం. ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, దానికి కొల్లేరు వెళతాను. మిగతా సెలవుల్లో ఆటపాకలో గూడబాతుల దగ్గర కూర్చుంటాను. నా జీతం నాకు వస్తోంది, నా పక్షులు నాకు ఉన్నాయి, నిధులు ఆగిపోయాయన్న బెంగ లేదు. ఇష్టమైనదాన్ని జీవనోపాధి చేసుకుంటే దానిమీద ఇష్టం పోతుందేమోనన్న అనుమానం నాకు మొదటినుంచీ ఉంది, పై జవాబులో కొమ్మల ఫొటోల సంగతి చదివాక అది మరింత బలపడింది. బ్యాంకుకు రెండో శనివారం, నాలుగో శనివారం, ఆదివారాలు సెలవే కదా. ఈ అమ్మాయి ఆ రోజుల్లో మడకు వెళ్లి మొక్కల జాబితా తయారుచేసినా అది శాస్త్రానికి పనికివచ్చేదే.

జవాబు: బురదకాళ్లు, తాళ్లరేవు

మాస్టారూ, మీ పక్షులు ఆదివారం కూడా చెరువులోనే ఉంటాయి. పాటు మాత్రం ఆదివారం చూసుకుని రాదు. రోజుకు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ నీరు బాగా లాగుతుంది, నడుమ రోజుల్లో అంత లాగదు. మేము లోపలి గడులకు వెళ్లగలిగేది ఆ నాలుగైదు రోజుల్లోనే. అవన్నీ సెలవురోజుల్లోనే పడవు. పైగా అభయారణ్యంలో కొలతలు, నమూనాలు తీయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, అది సెలవురోజున షికారుగా వచ్చినవారికి దొరికేది కాదు.

అయితే మీరు చెప్పినదాంట్లో ఒక మాట పట్టుకుంటాను. రాజీనామా చేసేలోగా ఈ అమ్మాయి సెలవు పెట్టి, ఆ బృందంతో ఒక అమావాస్య పాటుకు, వరసగా అన్ని రోజులూ వెళ్లి రావాలి. ఒక్క పూట వెళితే అందంగానే ఉంటుంది. మూడో రోజుకు గాని అసలు సంగతి తెలియదు.

జవాబు: శారద, రావులపాలెం

సంబంధాల మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. బ్యాంకు ఉద్యోగమని చూసి వచ్చే సంబంధం మీ జీతాన్ని చూసి వచ్చినట్లే. అది కుదిరాక ఉద్యోగం మానేస్తే ఆ ఇంట్లో జరిగే రభస మీ నాన్నగారింట్లో జరిగేదానికి పదింతలు ఉంటుంది. మానే ఉద్దేశం ఉంటే పెళ్లికి ముందే మానండి, లేదా పెళ్లిచూపుల్లోనే స్పష్టంగా చెప్పండి. సంబంధాలు తగ్గుతాయి, తగ్గనివ్వండి.

గౌతమి ఒడ్డు, మురమళ్ల

అందరికీ కృతజ్ఞతలు. రాజోలు మేనేజరుగారు చెప్పినట్లు రుణాల విభాగంలో అడిగాను. మామూలు వడ్డీకి మారిస్తే నా వాయిదా నెలకు నాలుగు వేలకు పైగా పెరుగుతుందని తేలింది. అంటే లోటు పదమూడు వేలు కాదు, పదిహేడు వేల పైమాటే. ఈ అంకె చూసి ఒక రాత్రి నిద్ర పట్టలేదు. సంస్థవారిని మీరు చెప్పిన విషయాలన్నీ అడిగాను. గోదావరికి వరద ఉండే జులై నుంచి సెప్టెంబరు దాకా లోపలి సర్వే ఎలాగూ జరగదని, వర్షాలు తగ్గాక నవంబరులో చేరినా అభ్యంతరం లేదని అన్నారు. కాబట్టి గ్రాట్యుటీకి ఇబ్బంది లేదు. పొడిగింపు గురించి రాతపూర్వకంగా హామీ ఇవ్వలేమన్నారు. ప్రాజెక్టుకు మూడేళ్ల నిధులు మంజూరైన ఉత్తరం మాత్రం చూపించారు. వచ్చే అమావాస్యకు సెలవు పెట్టాను.

నాన్నగారికి ఇంకా చెప్పలేదు. పదిహేడు వేల లోటుకు సమాధానం లేకుండా ఆయన ముందు కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

జవాబు: పాత మేనేజరు, రాజోలు

సమాధానం మొత్తం దొరకదుగాని కొంత ఉంది. ఇప్పటినుంచి నవంబరు దాకా నెలకు 25,000 మీదే ఇల్లు నడిపి చూడండి. మిగిలిన పదమూడు వేలూ ప్రతి నెలా లోను అసలుకు అదనంగా కట్టండి. గ్రాట్యుటీ వచ్చాక దాన్ని కూడా అందులోనే వేస్తే వాయిదా పెరుగుదల కొంత తగ్గుతుంది. ఇలా గడిపిన నెలలే మీ నాన్నగారికి చూపించవలసిన కాగితం. ఇల్లు నడవకపోతే ఆ సంగతి ముందుగా మీకే తెలుస్తుంది.

ఇంకొకటి. తమ్ముడి చదువుకు విద్యారుణం ఇప్పుడే పెట్టించండి, వాడు రెండో ఏడాదిలో ఉన్నా ఇస్తారు. మీరు జీతం తీసుకుంటున్న ఉద్యోగిగా సహరుణగ్రహీత సంతకం చేస్తే పని సులువుగా అవుతుంది, రాజీనామా చేశాక అదే సంతకానికి విలువ తగ్గుతుంది. అయితే మీరు ఉద్యోగం మానబోతున్న సంగతి ఆ బ్యాంకు అడిగితే దాచకండి. నాన్నగారి పేరు, తోట పత్రాలు కూడా జత చేస్తే ఆ ఇబ్బంది రాదు, కాబట్టి ఎటు చూసినా ఆయనకు చెప్పడం నవంబరు దాకా ఆగేట్టు లేదు.